అలసిన గుండెకు నాలుగు బిళ్లలు

'మా నాన్నకు షుగరే లేదండీ... షుగరు బిళ్ల రాశారేంటి?'

మందుల షాపుల దగ్గర ఈమధ్య వినిపిస్తున్న ప్రశ్న ఇది. షాపాయన చీటీని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. 'నిజమే బాబూ, ఇది షుగరుదే. పొరపాటున రాసుంటారు. ఈసారి వెళ్లినప్పుడు అడుగు' అంటాడు. కొడుకు మిగతా మందులు కట్టించుకుని ఇంటికెళ్లిపోతాడు. ఈసారి వెళ్లడమనేది నెలకో, రెణ్నెల్లకో. ఒక్కోసారి అంబులెన్సులో.

రాసిన డాక్టరు పొరబడలేదు. ఆ పెద్దాయనకు వచ్చింది గుండె వైఫల్యం. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి, కాళ్ల వాపూ ఆయాసమూ తగ్గి ఇంటికొచ్చాడు. మళ్లీ అదే మంచం ఎక్కకుండా ఆయన్ని కాపాడగల నాలుగు రకాల మందుల్లో ఆ షుగరు బిళ్ల ఒకటి. షుగరు లేనివాళ్లకి కూడా! ఆ సంగతి 2019లో గానీ వైద్యులకే తేలలేదు. ఇక షాపాయనకు తెలియలేదంటే ఆశ్చర్యమేముంది?

'హార్ట్ ఫెయిల్యూర్' అనగానే గుండె ఆగిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడుపందుకుంటారు. నిజానికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఒంటికి కావలసినంత రక్తాన్ని మాత్రం తోయలేకపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె, తన ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో సుమారు 55 నుంచి 70 శాతాన్ని ప్రతి దెబ్బకూ బయటికి నెడుతుంది. టూడీ ఎకో రిపోర్టులో 'ఈఎఫ్' అని కనిపించే అంకె ఇదే. అది 40కి పడిపోయిందంటే కండరం బాగా బలహీనపడినట్టు. గుండెపోటులో కొంత కండరం చచ్చిపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ కావొచ్చు, మద్యం కావొచ్చు, చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరంతో పాడైన కవాటాలు కావొచ్చు.

లక్షణాలేమో మెల్లగా వస్తాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. తలకింద ఒక దిండు రెండవుతుంది, రెండు మూడవుతాయి. అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటారు. సాయంత్రానికి చెప్పులు బిగుతైపోతాయి. 'వయసు మీద పడుతోంది కదా' అని సరిపెట్టుకుంటారు.

ఈ జబ్బులో ఒక తమాషా ఉంది. గుండె రక్తాన్ని సరిగ్గా తోయకపోయేసరికి కిడ్నీలు ఒంట్లో రక్తమే తగ్గిపోయిందని భ్రమపడతాయి. ఏదో గాయమై రక్తం కారిపోతోందన్నట్టు ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. అడ్రినలిన్ ఉరకలేసి గుండెను ఇంకా వేగంగా కొట్టుకోమంటుంది. నిజంగా గాయమైనప్పుడు ఇదంతా ప్రాణం నిలబెట్టే ఏర్పాటే. ఇక్కడ మాత్రం, అలసిపోయిన ఎద్దు మీద మరో నాలుగు బస్తాలు వేసి ములుగర్రతో పొడిచినట్టు అవుతుంది. ఎద్దు నాలుగడుగులు జోరుగానే వేస్తుంది. ఆ తర్వాతే చతికిలబడుతుంది.

వైద్యులకు ఈ సంగతి బోధపడటానికి చాలాకాలం పట్టింది.

ములుగర్ర వైద్యం

మొదట్లో అందరికీ తోచిన ఉపాయం ఒక్కటే. గుండె బలంగా కొట్టుకోవట్లేదు కాబట్టి, బలంగా కొట్టుకునే మందివ్వాలి. వినడానికి సబబుగానే ఉంది. అలా వచ్చిన వాటిల్లో మిల్రినోన్ ఒకటి. ఇస్తే గుండె గట్టిగానే ముడుచుకునేది. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,088 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ మాత్రలూ రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్రలూ ఇచ్చి చూశారు. 1991లో వెలువడిన ఆ ఫలితాలు చూసి అందరూ నోరు వెళ్లబెట్టారు. మందు వేసుకున్న జట్టులోనే మరణాలు 28 శాతం ఎక్కువ!

దీనికి సరిగ్గా ఎదురుదారిలో వెళ్లినవాళ్లు స్వీడన్‌లో ఉన్నారు. గోథెన్‌బర్గ్ నగరంలో ఫిన్ వాగ్‌స్టెయిన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ కండరం దెబ్బతిన్న ఏడుగురు రోగులకు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఇచ్చారు. అప్పటి పాఠాల ప్రకారం గుండె వైఫల్యంలో ఆ మందు జోలికే పోకూడదు. ఎద్దు అసలే నీరసంగా ఉంటే కాళ్లకు బంధం వేస్తారా అన్నది పెద్దల అభ్యంతరం. చిత్రంగా ఆ ఏడుగురూ కోలుకోసాగారు. 1975లో ఈ వివరాలు 'బ్రిటిష్ హార్ట్ జర్నల్'లో అచ్చయినా నమ్మినవాళ్లు తక్కువ. పెద్ద పరీక్షలు జరిగి, బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ మరణాలను 34 శాతం చొప్పున తగ్గిస్తున్నాయని రుజువయ్యేసరికి 1999 వచ్చేసింది. పాతికేళ్లు! ఇవ్వకూడని మందు కాస్తా ఇవ్వకపోతే తప్పయ్యే మందైంది. మొదట్లో అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలన్నదే దాని కిటుకు.

కిడ్నీల భ్రమను వదిలించే మందు మరీ విచిత్రంగా, పాము కోరల్లోంచి వచ్చింది. బ్రెజిల్‌లో జరారాకా అనే రక్తపింజరి లాంటి పాముంది. అది కరిస్తే మనిషి బీపీ పడిపోతుంది. ఎందుకా అని సెర్జియో ఫెరీరా అనే శాస్త్రజ్ఞుడు 1960ల్లో దాని విషాన్ని పరిశోధించాడు. ఆ ఆధారంతో ఒక అమెరికన్ కంపెనీ తయారుచేసిన క్యాప్టోప్రిల్ 1981లో మార్కెట్లోకి వచ్చింది. అదే కుటుంబానికి చెందిన ఎనలాప్రిల్‌ను స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో మంచం పట్టిన 253 మందికి పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఆరు నెలల్లోపే 44 శాతం మంది చనిపోగా, మందు వేసుకున్నవాళ్లలో అది 26 శాతమే. 1987లో వచ్చిన ఆ లెక్కతో గుండె వైఫల్యానికి వైద్యం ఉందన్న ధైర్యం కలిగింది.

మూడోది స్పైరనోలాక్టోన్. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే పాత, చవక బిళ్ల. చిన్న మోతాదులో ఇస్తే మరణాలు 30 శాతం తగ్గుతాయని 1,663 మంది మీద జరిగిన పరీక్షలో 1999లోనే తేలింది.

అన్నట్టు, ఈ నాలుగింటికన్నా ముసలి మందు ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి ముసలమ్మ ఒళ్లు వాచినవాళ్లకు ఇచ్చే మూలికల మందులో అసలు సరుకు ఫాక్స్‌గ్లోవ్ ఆకేనని విలియం విదరింగ్ కనిపెట్టి 1785లో పుస్తకం రాశాడు. దాన్నుంచి వచ్చిందే డిజాక్సిన్. రెండొందల ఏళ్లు వాడాక 1997లో లెక్క తీస్తే, ఆసుపత్రి పాలవడాన్ని తగ్గిస్తోంది గానీ ఆయుష్షు పెంచట్లేదని తేలి వెనకబెంచీకి వెళ్లిపోయింది. కానీ కథ ముగియలేదు. దాని చుట్టమైన డిజిటాక్సిన్‌ను 1,212 మందికి పరీక్షించిన జర్మనీ బృందం 2025లో ఫలితాలు ప్రకటించింది. మరణం లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరడం 18 శాతం తగ్గిందట. మోతాదు కాస్త మించితే వాంతులూ, చూపు పచ్చబడటమూ, ఆపైన ప్రాణాపాయమూ ఉన్న మందిది. విదరింగ్ కూడా అవన్నీ రాసిపెట్టాడు.

ఆపిల్ బెరడు నుంచి...

ఇక షుగరు బిళ్ల దగ్గరికొద్దాం. 1835లో ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. అది లోపలికి వెళితే మూత్రంలో చక్కెర పోతుందని ఆ శతాబ్దం చివర్లోనే తెలిసింది. మందుగా మాత్రం పనికిరాలేదు. కడుపులో సరిగ్గా ఇమడదు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని నమూనాలోనే, కిడ్నీల్లో చక్కెరను తిరిగి పీల్చుకునే ద్వారాన్ని మూసేసే మందుల్ని వందేళ్లకు పైగా గడిచాక తయారుచేశారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఆ కోవలోవే. రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలో పంపించేయడం... అంతవరకే వాటి పని అనుకున్నారు.

అంతలో ఒక గొడవ వచ్చింది. రోసిగ్లిటజోన్ అనే మరో షుగరు మందు గుండెపోట్లను పెంచుతోందన్న అనుమానం 2007లో గుప్పుమంది. దాంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 డిసెంబరులో కొత్త షరతు పెట్టింది. ఏ కొత్త షుగరు మందైనా సరే గుండెకు చేటు చేయదని నిరూపించుకోవాల్సిందే! కంపెనీలు గొణుక్కుంటూనే వేలమందితో పరీక్షలు మొదలెట్టాయి. చేటు లేదని చూపించుకుంటే చాలన్నది వాటి ఆశ.

ఎంపాగ్లిఫ్లోజిన్ పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. 7,020 మంది షుగరు రోగులు. చేటు లేకపోవడం అటుంచి, గుండె జబ్బులతో మరణాలు 38 శాతం, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గాయి! ఎవరూ అడగని ప్రశ్నకు వచ్చిన జవాబిది. అప్పుడు పుట్టింది అసలు ప్రశ్న. మరి షుగరు లేనివాళ్లకిస్తే?

ఈసారి డాపాగ్లిఫ్లోజిన్‌ను గుండె బలహీనపడిన 4,744 మందికి పరీక్షించారు. వాళ్లలో సగానికి పైగా షుగరు లేనివాళ్లే. 2019లో జవాబు దొరికింది. గుండె జబ్బుతో మరణించడం లేదా జబ్బు ముదరడం 26 శాతం తగ్గింది. షుగరు ఉన్నా లేకపోయినా తేడా లేదు. పైగా రోజుకొకటే బిళ్ల, 10 మిల్లీగ్రాములు, మోతాదు పెంచుకుంటూ పోయే బాదరబందీ లేదు. షుగరు లేనివాళ్లలో ఈ మందు ఒక్కదానితో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడమన్నది చాలా అరుదు. గుండెకు ఇది సరిగ్గా ఎలా మేలు చేస్తోందన్న దానిపై మాత్రం శాస్త్రజ్ఞులింకా వాదించుకుంటూనే ఉన్నారు. కొందరు కిడ్నీల్లో ఉప్పు సంగతంటారు, కొందరు గుండెకు ఇంధనం మారుతోందంటారు. రోగికి ఆ తగువుతో పనిలేదు.

ఈ మందు ఇంకో తలుపు కూడా తెరిచింది. కొందరిలో ఈఎఫ్ బాగానే ఉంటుంది, ఆయాసం మాత్రం అంతే ఉంటుంది. గుండె ముడుచుకోవడం బాగానే ఉన్నా, బిరుసెక్కిపోయి సరిగ్గా సాగదు. ఆడవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో, బీపీ ఉన్న పెద్దవయసువారిలో ఇది ఎక్కువ. 'రిపోర్టు నార్మలే కదమ్మా' అనిపించుకుని తిరిగొచ్చినవాళ్లు ఎందరో! దశాబ్దాల పాటు వీళ్ల కోసం పరీక్షించిన మందులు ఒకదాని తర్వాత ఒకటి బోల్తాకొట్టాయి. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్ 5,988 మందిలో 21 శాతం మేలు చూపించింది. 2024లో ఫైనరినోన్ అనే మందు 6,001 మందిలో 16 శాతం మేలు చూపి, మరుసటేడాది జులైలో ఈ జబ్బుకి అమెరికా అనుమతి పొందింది. ఊబకాయం తగ్గించే ఇంజెక్షన్లు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ కూడా బరువు ఎక్కువున్న ఇలాంటి రోగులకు ఊరటనిస్తున్నాయని 2023, 2024 పరీక్షలు చెప్పాయి.

అన్నీ గెలవలేదు లెండి. గుండె కండరాన్ని నేరుగా బలపరిచే ఒమెకాంటివ్ మీద పెద్ద ఆశలుండేవి. 8,256 మందిలో పరీక్షిస్తే లాభం 8 శాతమే తేలింది. 2023లో అమెరికా అనుమతి నిరాకరించింది. వెరిసిగ్వాట్ అనుమతి పొందింది గానీ, ఎక్కువగా పరిస్థితి విషమించిన వాళ్లకే.

నాలుగు మందుల్లో మిగిలింది సాక్యుబిట్రిల్, వల్సార్టాన్ కలిపిన జంట బిళ్ల. ఒళ్లు వాచినప్పుడు ఉప్పునీ నీటినీ వదిలించుకోడానికి గుండె తనంతట తనే కొన్ని పదార్థాల్ని విడుదల చేస్తుంది. వాటిని విరగ్గొట్టేసే ఎంజైముని సాక్యుబిట్రిల్ అడ్డుకుంటుంది. 8,399 మందిలో దీన్ని పాత ఎనలాప్రిల్‌తోనే పోటీకి పెట్టారు. 20 శాతం మెరుగని స్పష్టంగా తేలడంతో పరీక్షను ముందే ఆపేసి, 2014లో ఫలితాలు ప్రకటించారు. ఇప్పుడు వైద్యులు పాముమందు స్థానంలో వీలైతే దీన్నే రాస్తున్నారు. ఇదీ, బీటా బ్లాకరూ, స్పైరనోలాక్టోన్ తరహా మందూ, షుగరు బిళ్లా... నాలుగూ కలిపి ఇవ్వాలని, ఒకటయ్యాక ఒకటంటూ నెలల తరబడి ఆగొద్దని ఐరోపా వైద్యులు 2021లో, అమెరికా వైద్యులు 2022లో మార్గదర్శకాలు రాసుకున్నారు.

తొందర ఎందుకు?

2013లో తిరువనంతపురం జిల్లాలోని ఆసుపత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1,205 మంది వివరాల్ని నమోదు చేశారు. వాళ్ల సగటు వయసు 61. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు సాధారణంగా డెబ్భైల్లో పలకరిస్తుంది. ఏడాది తిరిగేసరికి వీళ్లలో దాదాపు 31 శాతం మంది లేరు. గుండె బలహీనపడినవాళ్లలో, అప్పటికి తెలిసిన మందులన్నీ సరిగ్గా రాసిచ్చి ఇంటికి పంపింది నలుగురిలో ఒక్కరినే! వైద్యసదుపాయాలకు పేరుపడ్డ కేరళలో సంగతిది.

ఇంకో ముప్పు మన రక్తంలోనే ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోవడం భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందనీ, వాళ్లకు నడివయసు తర్వాత గుండె వైఫల్యం ముప్పు బాగా ఎక్కువనీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులతో కూడిన బృందం 2009లో బయటపెట్టింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి కొన్ని వారాలే గండం. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 1,078 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు పద్ధతి. మిగతా సగానికి ఇంటికెళ్లిన రెండు వారాల్లోనే మందుల్ని పూర్తి మోతాదుకు పెంచుతూ, వెంటవెంటనే పిలిచి పరీక్షలు చేశారు. ఆరు నెలల్లో చనిపోయిన లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు మామూలు పద్ధతిలో 23.3 శాతం, రెండోదాంట్లో 15.2 శాతం. అక్కడ ఇచ్చినవి కొత్త మందులు కూడా కాదు. ఉన్నవాటినే త్వరగా, చాలినంత ఇచ్చారు.

ఖర్చు మాటేమిటంటారా? ఒకప్పుడది పెద్ద అడ్డంకే. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మనదేశంలో 2020లో తీరింది. జంట బిళ్ల ప్రధాన పేటెంట్ 2023 జనవరిలో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో తీరాయి. 60 రూపాయల దరిదాపుల్లో ఉండే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ల, దేశీ కంపెనీలు దిగాక 10 రూపాయల లోపు కూడా వచ్చింది. జంట బిళ్లనైతే హైదరాబాద్ కంపెనీ ఎంఎస్ఎన్ లేబరేటరీస్ కోర్టుల్లో పోరాడి 2025 జులైలో అమెరికా మార్కెట్లోనే దించింది. అయినా నెలనెలా నాలుగు మందులంటే కూలీ ఇంటికి భారమే. అందుకే చవక బ్రాండు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. భారమనిపించి మానేసే మందుల్లో మొదటిది, వాపు తగ్గిందన్న భరోసాతో వదిలేసేదే.

వాపు తగ్గించేది లాసిక్స్ లాంటి నీళ్ల బిళ్ల. అది రోజుల్లోనే పనిచేసి కంటికి కనిపిస్తుంది. ఆయుష్షు పెంచే నాలుగు మందులూ లోపల్లోపల పనిచేస్తాయి, పైకేమీ తెలియదు. పైగా మొదట్లో బీపీ కాస్త తగ్గి కళ్లు తిరిగినట్టుంటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. 'ఈ మందులు కిడ్నీల్ని పాడుచేస్తున్నాయ్' అని పక్కింటాయన తేల్చేస్తాడు. మానాలో వద్దో చెప్పాల్సింది పక్కింటాయన కాదు, రాసిన డాక్టరు.

తేలిగ్గా చేసే పొరపాట్లు మరికొన్నున్నాయి. జంట బిళ్ల రాసినా, ఇంట్లో మిగిలిపోయాయి కదాని పాత ఎనలాప్రిల్, రామిప్రిల్ కూడా కలిపి మింగుతుంటారు. గొంతూ మొహమూ వాచిపోయే ప్రమాదముంది. రెండింటికీ మధ్య 36 గంటలైనా ఎడం ఉండాలి. మోకాళ్ల నొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఒంట్లో నీటిని నిలవేసి, నెల రోజుల వైద్యాన్ని నాలుగు రోజుల్లో నీరుగారుస్తాయి. నీరసంగా ఉన్నారని పరామర్శకొచ్చినవాళ్లు తెచ్చే కొబ్బరిబోండాలతోనూ జాగ్రత్త. స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్లలో పొటాషియం అసలే పెరుగుతుంది, బోండాంలో ఉండేదీ అదే. సోడియం తక్కువని అమ్మే కొన్ని ఉప్పుల్లోనూ అదే. ఇక ఆవకాయ, ఎండుచేప సంగతి చెప్పనక్కర్లేదు.

రోజూ పొద్దున్నే మూత్రానికెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్లో రాసుకుంటే మంచిది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది తిండి బరువు కాదు, నీరు. ఆయాసం మొదలవకముందే డాక్టరుకు ఫోను చేయొచ్చు.

ఆ షుగరు బిళ్ల విషయంలోనూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఆ భాగంలో దురద, ఫంగస్ రావొచ్చు. శుభ్రంగా ఉంచుకుంటే, వచ్చినా పూతమందుతో తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, కఠిన ఉపవాసాలప్పుడు, ఆపరేషనుకు ముందు డాక్టరు చెప్పినన్ని రోజులు ఆపాలి. తిండి మామూలయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. చాలా ఇళ్లలో ఆపడం గుర్తుంటుంది గానీ, మళ్లీ మొదలుపెట్టడమే మర్చిపోతారు.